పదహారు డిగ్రీల ఆకాశానికి ఏ టెలిస్కోపు?

మా పోర్షన్ నుంచి డాబా మీదికి 38 మెట్లు. మలుపు దగ్గర కరెంటు మీటర్ల పెట్టె ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పొడవాటి వస్తువు ఏది పట్టుకెళ్ళినా అక్కడ ఆగి, తిప్పుకుని, మళ్ళీ ఎక్కాలి. గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎవరైనా "ఏ టెలిస్కోపు కొనమంటారు?" అని అడిగితే, నేను ముందు వాళ్ళింటికి మెట్లు ఎన్నో అడుగుతాను. తర్వాత డాబా మీద ఉత్తరం వైపు ఏముందో అడుగుతాను. అప్పటికే ఫోనులో నాలుగు మోడళ్ళు తెరిచి పెట్టుకున్నవాళ్ళకు ఈ ప్రశ్నలు వింతగా అనిపిస్తాయి. ఎందుకు అడుగుతానో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

2020 డిసెంబరు 21 సాయంత్రం గురుడూ శనీ ఆకాశంలో డిగ్రీలో పదో వంతు దూరంలోకి వచ్చాయి. మా అబ్బాయి అప్పుడు ఆరో తరగతి. వాడికి చూపించాలని అంతకు పది రోజుల ముందు ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోపు తెప్పించాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని రాసి ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. దాని ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700 మిల్లీమీటర్లు. పెట్టెలో వచ్చిన 4 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) పెడితే 700ను 4తో భాగించి 175 రెట్లు, దానికి మూడు రెట్లు పెంచే బార్లో అనే అదనపు లెన్సు తగిలిస్తే 525. లెక్కలో తప్పు లేదు. కానీ వెలుగును పోగుచేసే అద్దం వెడల్పు 76 మిల్లీమీటర్లే. ఎంత మంచి రాత్రయినా అద్దం మిల్లీమీటరుకు రెండు రెట్లు మించి పెంచితే కొత్త వివరమేమీ రాదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. అంటే దాని హద్దు నూట యాభై. అది కూడా స్టాండు నిలబడితే. ఆ ట్రైపాడ్ వేలు తగిలితే చాలు, చాలాసేపు వణికేది. వణుకు ఆగేలోపు గ్రహాలు చూపులోంచి జారిపోయేవి. ఆ రోజు సాయంత్రం ఆరుంపావు నుంచి పడమటి పిట్టగోడ దగ్గర నిలబడి, అవి కిందికి దిగిపోయేదాకా ప్రయత్నించాను. మావాడు రెండుసార్లు కన్ను పెట్టి, "ఏదో వెలుతురు కదులుతోందమ్మా" అని కిందికి వెళ్ళిపోయాడు. అమ్మినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోలేదు. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ, వాడు మెట్లు దిగిన చప్పుడు ఇంకా గుర్తుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు ఏమీ కొనకుండా చదివాను, వీడియోలు చూశాను. సలహాలు చాలావరకు మంచివే. కానీ అవి రాసినవాళ్ళు చలి దేశాల్లో, పెరట్లో నిలబడి రాశారు. వాళ్ళకు చలి, మనకు ఉక్క. వాళ్ళ అక్షాంశం నలభై నుంచి యాభై, గుంటూరు 16.3, విజయవాడ 16.5. ఈ ఒక్క అంకె మారితే కొనాల్సిన సామాను మారుతుందని నా వాదన. అక్కడి సలహాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుని నేను రెండోసారి కూడా నష్టపోయాను. అదీ చెబుతాను.

ముందు పదహారు డిగ్రీలు మనకు ఏమిస్తాయో చూడండి. ధనుస్సు రాశిలోని లగూన్ నెబ్యులా అనే వాయు మేఘం లండన్‌లో ఎంత పైకొచ్చినా 14 డిగ్రీలే, ఇళ్ళ కప్పుల పక్కన. మనకు 49 డిగ్రీలు. పాలపుంత నడిబొడ్డు, వృశ్చికంలోని జ్యేష్ఠా నక్షత్రం, దాని తోక పొడవునా ఉన్న నక్షత్ర గుచ్ఛాలు మనకు ఎత్తులో హాయిగా కనిపిస్తాయి. ఒమేగా సెంటారి అనే గోళాకార గుచ్ఛంలో దాదాపు కోటి నక్షత్రాలు ఉన్నాయి. లండన్‌లో అది ఉదయించదు, మనకు 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చలికాలంలో దక్షిణాన అగస్త్య నక్షత్రం, వేసవిలో త్రిశంకు. గ్రహాలు నడిచే దారి ఏటా కొన్ని నెలలు సరిగ్గా మన నెత్తి మీదుగా పోతుంది. గ్రహం పైన ఉన్నకొద్దీ దాని వెలుగు తక్కువ గాలిని దాటుకుని వస్తుంది, బొమ్మ నిలకడగా ఉంటుంది. మన ఊళ్ళలో వీధి దీపాల వల్ల మసక నెబ్యులాలు కనిపించకపోయినా చంద్రుడికీ గ్రహాలకూ ఆ వెలుతురు అడ్డు కాదు. గాలి కదలకుండా కాస్త మంచు పొర కమ్మిన రాత్రుల్లో గురుడి పట్టీలు బాగా స్పష్టంగా కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

పోగొట్టుకునేది ధ్రువ నక్షత్రం. ఏ ఊళ్ళోనైనా ధ్రువుడి ఎత్తు ఆ ఊరి అక్షాంశమంతే. మనకు పదహారు డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు, అలాంటి పిడికిళ్ళు ఒకటిన్నర. అపార్టుమెంట్ల మధ్య ఆ ఎత్తులో ఏం కనిపిస్తుందో మీకు తెలుసు. ఈ విషయం ఫొటోల దగ్గరకొచ్చినప్పుడు కుదిపేస్తుంది.

కళ్ళతో చూసేవాళ్ళకు నా సలహా ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు. ఈ పేరు వెనకున్న జాన్ డాబ్సన్ కథ మనవాళ్ళకు తెలియాలి. 1915లో బీజింగ్‌లో పుట్టి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరి, 23 ఏళ్ళు అక్కడ సన్యాసిగా ఉన్నాడు. ఓడ కిటికీల పాత గాజు బిళ్ళలను చేత్తో అరగదీసి అద్దాలు చేశాడు. అట్టగొట్టంలో అద్దం బిగించి, చెక్క పీట మీద కూర్చోబెట్టి, వీధిలో పోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. ఆ పీటే డాబ్సోనియన్ మౌంటు, అంటే గొట్టాన్ని మోసి తిప్పే ఆధారం. అటూ ఇటూ, పైకీ కిందికీ చేత్తో తోయడమే. మోటారు లేదు, అమరికల గొడవ లేదు. మీ డబ్బంతా అద్దం మీదికి పోతుంది.

అద్దం వెడల్పు రెట్టింపైతే అది పోగుచేసే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అందుకే మా మొదటి టెలిస్కోపు పక్కన ఈ ఆరంగుళాలది వేరే లోకం. మరి ఎనిమిదో పదో ఎందుకు వద్దు? లిఫ్టు డాబా దాకా వస్తే తప్పకుండా ఎనిమిది తీసుకోండి. లేకపోతే మెట్లు లెక్కపెట్టుకోండి. ఎనిమిదంగుళాలది మొత్తం బరువు ఇరవై కిలోలు దాటుతుంది, పీట పట్టుకోవడానికి అనువుగా ఉండదు. ఆరంగుళాలది గొట్టం ఒకసారి, పీట ఒకసారి నేనొక్కదాన్నే మోసుకెళ్ళగలను. పగలంతా పనిచేసి, రాత్రి వంట గిన్నెలు సర్దాక, మావారిని లేపకుండా పైకి వెళ్ళాలంటే నాకు ఈ లెక్కే ముఖ్యం. వారానికి నాలుగు రాత్రులు పైకెక్కే ఆరంగుళాల అద్దం, నెలకోసారి ఎక్కే పదంగుళాల అద్దం కంటే ఎక్కువ ఆకాశం చూపిస్తుంది.

మన తేమ కూడా ఈ ఎంపికనే బలపరుస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో డాబా మీద కుర్చీ చెయ్యి తుడిస్తే నీళ్ళు కారతాయి. లెన్సు ముందువైపు ఉండే టెలిస్కోపులకు, ముందు గాజు పలక ఉండే పొట్టి గొట్టాలకు మంచు ముందు ఆ గాజు మీదే పడుతుంది. వాటికి చుట్టూ కట్టే హీటర్ పట్టీ, దానికో బ్యాటరీ కావాలి. డాబ్సోనియన్‌లో పెద్ద అద్దం గొట్టం అడుగున దాక్కుని ఉంటుంది. చివర పాత యోగా మ్యాట్ ఒకటి చుడితే నాకు తెల్లారుజాము దాకా సరిపోతుంది. ఏసీ గదిలోంచి మాత్రం ఏ గాజునూ తిన్నగా బయటికి తీసుకురాకండి, ఒక్క నిమిషంలో చెమటపడుతుంది. చలి దేశాలవాళ్ళు అద్దం చల్లబడేదాకా ఆగమని పేజీలకు పేజీలు రాస్తారు. మనకు చల్లబడాల్సింది శ్లాబు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు డాబా రాత్రి పదింటికి కూడా కాళ్ళు కాలుస్తుంది, ఆ వేడి గాలి లేస్తుంటే శని నీళ్ళలో నాణెంలా ఊగుతుంది. మన పెద్దవాళ్ళు పడుకునే ముందు డాబా మీద నీళ్ళు చల్లేవారు కదా, అదే చేయండి, సాయంత్రం ఏడింటికే. పక్కింటి ఏసీ యూనిట్ల మీదుగా చూపు పోనివ్వకండి.

డాబ్సోనియన్‌కు మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది, దాచను. నడినెత్తికి దగ్గరున్న వస్తువును తోయడం కష్టం. గొట్టం నిటారుగా ఉన్నప్పుడు పక్కకు జరపాలంటే పట్టు దొరకదు. 2026 జనవరి 10న గురుడు సూర్యుడికి ఎదురుగా వచ్చిన రోజుల్లో, అర్ధరాత్రి వేళ మన నడినెత్తికి ఆరు డిగ్రీల దూరంలోనే ఉన్నాడు. అలాంటప్పుడు రెండు గంటలు ముందు గానీ తర్వాత గానీ చూసుకోవాలి. అప్పుడు కూడా గురుడు లండన్‌వాళ్ళ గురుడి కంటే పైనే ఉంటాడు.

2022 నవంబరులో మా మామయ్యగారికి శనిని చూపించాను. ఆయనకు 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టాను, 120 రెట్లు. చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత, "అమ్మాయ్, ఇది లోపల అతికించిన బొమ్మ కాదు కదా?" అన్నారు. గొట్టం కొంచెం కదిపి, శని పక్కకు పోవడం చూపించి, మళ్ళీ తెచ్చాను. ఆయన ఇంకేమీ అనలేదు. పాత మిర్చి కొట్ల లెక్కలు తప్ప వేరే సంగతులు పెద్దగా మాట్లాడని మనిషి, మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నలుగురికి ఫోన్ చేసి చెప్పారు.

ఇప్పుడు నా రెండో తప్పు. 2023లో నెబ్యులాల ఫొటోలు తీయాలని మోటార్లున్న ఈక్వటోరియల్ మౌంటు, దాని మీదికి చిన్న లెన్సు టెలిస్కోపు కొన్నాను. నేను చదివిన సలహాలన్నీ ఒక విషయంలో సరైనవే: ఫొటోలకు గొట్టం కంటే మౌంటు ముఖ్యం. భూమి తిరుగుతుంటే నక్షత్రం గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతుంది, మౌంటు దాన్ని అంతే కచ్చితంగా వెంబడించాలి. అందుకు మౌంటు అక్షం ఆకాశ ధ్రువం వైపు చూడాలి. అమర్చే పద్ధతి చెబుతూ అందరూ "ధ్రువ నక్షత్రాన్ని చూడండి" అని మొదలుపెడతారు. మా ఇంటికి ఉత్తరాన అయిదంతస్తుల అపార్టుమెంటు. ధ్రువ నక్షత్రం వాళ్ళ నాలుగో అంతస్తు వంటగది వెనకాల ఉంటుంది. అక్షాన్ని పదహారు డిగ్రీలకు వంచాక ఇంకో సంగతి బయటపడింది. తూకానికి పెట్టే బరువుల కడ్డీ స్టాండు కాలికి తగులుతోంది. ఎత్తైన అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన మౌంట్లకు ఇది మామూలేనట. అమ్మినతను ఆ మాట చెప్పలేదు, నాకూ అడగాలని తెలియలేదు. ఆరు నెలల్లో నేను తీసిన మంచి ఫొటోలు మూడు.

ధ్రువుడు కనబడకపోయినా దారులున్నాయి. ఆకాశంలో మరో మూల మూడు చోట్ల ఫొటో తీసి, అక్షం ఎంత పక్కకుందో లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నేను నేర్చుకున్నాను, పనిచేస్తుంది. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ల్యాప్‌టాప్, కేబుళ్ళు, డాబా మీదికి కరెంటు లాగడం, ఇదంతా మొదటి రోజే నెత్తికెత్తుకోమని చెప్పలేను. మనకు సరిపడేది పొట్టి లెన్సు. అమరికలో డిగ్రీ తేడా 600 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో నక్షత్రాలను గీతలు చేస్తుంది, 35 మిల్లీమీటర్ల లెన్సుతో నిమిషం ఫొటోలో పెద్దగా తెలియనివ్వదు. ఇంట్లో ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దాని కింద నక్షత్రాలను వెంబడించే చిన్న ట్రాకర్, గట్టి ట్రైపాడ్, అంతే. ఉత్తరం దిక్సూచితో, ఎత్తు ఫోనులోని కోణం కొలిచే యాప్‌తో. మన ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా దాదాపు ఒక్క డిగ్రీయే. డాబా మీద మాత్రం దిక్సూచిని నమ్మకండి, శ్లాబులో ఇనుప ఊచలుంటాయి, సూది వాటి వైపు పోతుంది. నేల మీద చూసుకుని, దూరంగా ఒక గుర్తు పెట్టుకోండి.

ఊళ్ళోంచే తీయాలంటే గ్రహాలూ చంద్రుడూ. ఒక్క ఫొటో తీయరు, వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్న క్షణాలవి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆటోస్టాకర్ట్. డాబ్సోనియన్‌కు ఫోను బిగించే చిన్న క్లిప్పుతో మొదలుపెట్టవచ్చు. మావాడు చంద్రుడి గుంటలను అలాగే తీశాడు. కాంతి కాలుష్యాన్ని ఆపుతాయని అమ్మే ఫిల్టర్లకు తొందరపడి డబ్బు పెట్టకండి. అవి పాత పసుపు సోడియం దీపాల కాలంలో బాగా పనిచేసేవి, ఎందుకంటే ఆ దీపాల వెలుగు కొన్ని రంగుల్లోనే ఉండేది. ఇప్పుడు వీధులన్నీ తెల్లటి ఎల్ఈడీలు, వాటి వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుంది.

మా తమ్ముడి కొడుకు విజయవాడలో ఉంటాడు. వాడి దగ్గర 50 మిల్లీమీటర్ల స్మార్ట్ టెలిస్కోపు ఉంది, కన్ను పెట్టే పని లేకుండా తనే ఫొటో తీసి ఫోనులో చూపించే పెట్టె. "అత్తా, నువ్వింకా కన్ను పెట్టి బూడిద రంగు మచ్చలు చూస్తున్నావు. నేను భవానీపురం డాబా మీంచి పావుగంటలో రంగుల్లో నెబ్యులా తీస్తున్నాను" అంటాడు. వాడి మాటలో నిజముంది. చీకట్లో మన కన్ను రంగులు పట్టలేదు, కెమెరా పట్టగలదు. కంటిచూపు తగ్గినవాళ్ళకు, బొత్తిగా సమయం లేనివాళ్ళకు ఆ పెట్టె నిజంగా ఉపకారం. దాన్ని తక్కువచేయను. కానీ మొదటి టెలిస్కోపుగా కొనమని చెప్పను. 50 మిల్లీమీటర్లతో శని వలయం చిన్న గింజలా ఉంటుంది, మన ఊళ్ళ నుంచి బాగా కనిపించేవి గ్రహాలే అయినప్పుడు వాటినే వదులుకుంటాం. మామూలు స్టాండు మీద పెడితే అది నడినెత్తి దగ్గరి వస్తువును వెంబడించేటప్పుడు బొమ్మ గిర్రున తిరుగుతుంది, చాలా ఫ్రేములు పారేయాల్సి వస్తుంది. మన ఆకాశంలో మంచివి చాలా నెత్తి దగ్గరే కదా. ఇంకో సంగతి, వాడికి రెండేళ్ళయినా జ్యేష్ఠ ఎక్కడుందో తెలియదు. ఫోనులో పేరు నొక్కితే పెట్టె వెతుక్కుంటుంది. నేను మొన్న సెలవుల్లో వాణ్ణి పిట్టగోడ దగ్గర నిలబెట్టి వృశ్చికం మొత్తం వేలితో గీయించాను.

ఆకాశం చూసే ఈ పనిలో గుంటూరువాళ్ళకు ఒక గర్వకారణం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఊరి మీదుగా వెళ్ళింది. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. టెన్నెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా ఇక్కడే దిగి ఫొటోలు తీసింది. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు దేనితో తయారయ్యాయన్నది జాన్సెన్ ప్రశ్న. అందుకే వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపు తెచ్చుకున్నాడు. జ్వాలల వెలుగులో గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడవచ్చని అతనికి అక్కడే తట్టింది. మర్నాడు పొద్దున మామూలు సూర్యుడి మీద పెట్టి చూశాడు, కనిపించాయి. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ విడిగా అదే పద్ధతి కనుక్కున్నాడు. ఆ వెలుగులోని పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలింది, దానికే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద హీలియం 1895లో గానీ చేతికి దొరకలేదు. జాన్సెన్ సామాను జాబితాను నేను చాలాసార్లు ఊహించుకుంటాను. ఏం చూడాలో తెలిసిన మనిషి ఓడెక్కేముందు పెట్టెలు ఎలా సర్దుకుని ఉంటాడో.

సూర్యుడి మాట వచ్చింది కాబట్టి: చవక టెలిస్కోపుల పెట్టెల్లో కొన్నిసార్లు ఐపీస్‌కు మరతో బిగించే నల్లటి సన్ ఫిల్టర్ వస్తుంది. దాన్ని వెంటనే పగలగొట్టి పారేయండి. ఎండ వేడి అంతా అద్దం పోగుచేసి దాని మీదే పోస్తుంది, అది పగిలితే కన్ను పోతుంది. సూర్యుడికి వాడే ఫిల్టరు గొట్టం ముందు వైపు, మొత్తం నోటిని కప్పేలా ఉండాలి. పిల్లలున్న ఇంట్లో పగటిపూట టెలిస్కోపుకు మూత తీసి వదలకండి.

చీకటి కోసం మేము సూర్యలంక సముద్ర తీరానికి వెళ్తాం, గుంటూరు నుంచి సుమారు అరవై కిలోమీటర్లు. గుంటూరు డాబా మీద ఈశాన్యమంతా విజయవాడ వెలుతురే, సూర్యలంకలో దక్షిణం వైపు సముద్రం, దీపాలు లేవు. ఏప్రిల్ అమావాస్య రోజుల్లో అర్ధరాత్రికి ఒమేగా సెంటారి నిలబడి ఉంటుంది. 10x50 బైనాక్యులర్స్‌లో దూది ఉండలా కనిపించేది, ఆరంగుళాల అద్దంలో చిట్లిపోయి సన్న ఇసుకలా మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మావారి చెయ్యి పట్టుకున్నాను, మాటలు రాలేదు. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది, లేజర్ పాయింటర్ బయటికి తీయకండి. ఉప్పుగాలికి అద్దం పూత పాడవుతుంది కాబట్టి వచ్చాక గొట్టాన్ని పొడిబట్టతో తుడిచి, అద్దాన్ని మాత్రం ముట్టుకోకుండా మూత పెట్టేయాలి. ఇంట్లో ఐపీసులను, కెమెరా లెన్సులను తోలు సంచుల్లో దాచకండి, మన వానాకాలంలో వాటికి బూజు పడుతుంది. నా 50 మిల్లీమీటర్ల లెన్సు అలాగే పోయింది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు.

టెలిస్కోపు కొనలేని పరిస్థితిలో ఉన్నవాళ్ళు 10x50 బైనాక్యులర్స్ కొనండి. గురుడి నాలుగు చంద్రుళ్ళు, కృత్తికలు, పాలపుంత మేఘాలు, అన్నీ వస్తాయి. తర్వాత టెలిస్కోపు కొన్నాక కూడా అది మూలన పడదు.

పోయిన వారం బ్రాడీపేట నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కూతురు తొమ్మిదో తరగతి, టెలిస్కోపు కావాలని పట్టుబట్టిందట. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఉత్తరాన నీళ్ళ ట్యాంకు. "అమ్మాయిని తీసుకుని శనివారం సాయంత్రం మా ఇంటికి రండి" అన్నాను. ఏడింటికి వస్తామన్నారు. ఆరింటికే రమ్మన్నాను. టెలిస్కోపు పీటను మెట్ల దిగువనే ఉంచుతాను. ఆ అమ్మాయి దాన్ని 38 మెట్లూ తనే మోసుకొస్తే, నీళ్ళు చల్లిన శ్లాబు ఆరేలోపు మిగతా సంగతులు మాట్లాడుకుంటాం.